ఇంటికంటె ముందు వీధి



ఎండలు ముదిరి, పరీక్షల ఫలితములు వెలువడి, బదిలీ ఉత్తరువులును నియామక పత్రములును ఒక్కుమ్మడిగా చేతికందు ఈ వేసవి దినములలో, కాకినాడలోనో కడపలోనో కరీంనగరులోనో కూర్చుండి, తామెన్నడును కాపురముండి యెరుగని హైదరాబాదు నగరములో ఒక అద్దెయిల్లు కుదుర్చుకొనవలెనని ప్రయాసపడు గృహస్థులు తెలుగునాట ఎందరో కలరు. వారిలో పెక్కుమంది ఇప్పుడా పనిని చేతిలోని ఫోనుతోనే ప్రారంభింతురు. రాత్రి భోజనములైన పిదప భార్యాభర్తలును ఎదిగిన పిల్లలును ఒకచోట చేరి, ఆ చిన్న తెరపై ఒకదాని వెంట ఒకటిగా దొర్లిపోవు హాలులను, వంటయిండ్లను, బాల్కనీలను పరికించుచు, 'ఇది బాగుందండీ' అని ఒకరు, 'అద్దె చూశావా?' అని ఒకరు, 'పూజగది లేదుగా' అని వేరొకరు తర్కించుకొనుచు, అర్ధరాత్రి యగునప్పటికి ఒకటి రెండు ఇండ్లను మనసున నిలుపుకొందురు. ఈ తర్కము వినుటకు ముచ్చటగానే యుండును గాని, ఇందు పని వరుస తలక్రిందైనదని నా అభిప్రాయము. క్రొత్త నగరమునకు తరలువాడు ఊరు కదలక మునుపు నిర్ణయించుకొనదగినది తానుండబోవు పేట. ఇల్లన్ననో, అక్కడకు చేరిన పిదప కాలినడకన తిరిగి, తలుపు తట్టి, కుళాయి త్రిప్పి చూచి కుదుర్చుకొనదగినది. ఈ మాటను సమర్థించుటకే నాకు లభించిన ఈ కొద్ది నిమిషములను వినియోగింతును.

అద్దెయింటి వెదుకులాట తెలుగువారికి క్రొత్తది గాదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ననుసరించి రాజధాని రాయలసీమకు దక్కగా, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించినప్పుడు, మద్రాసు మహానగరమున తరతరములుగా వేళ్ళు తన్నుకొనియున్న గుమాస్తాలును అధికారులును, తుంగభద్ర యొడ్డున నున్న ఆ జిల్లా పట్టణమునకు ఒక్క పెట్టున తరలి రావలసి వచ్చెను. అంత జనమునకు సరిపడు ఇండ్లు ఆ యూరిలో లేకపోవుటచేత కచేరీలకును కాపురములకును గూడ డేరాలే శరణ్యములయ్యెను. ఎండకు మాడి, వానకు తడిసి, మూడు సంవత్సరములలో ఎట్లో ఒక కప్పు సంపాదించుకొని నిలద్రొక్కుకొనునంతలో, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటయు, విప్పీ విప్పని సామానులను మరల కట్టుకొని హైదరాబాదు దారి పట్టవలసి వచ్చుటయు సంభవించెను. ఆ తరమువారికి పేటను ఎంచుకొను ప్రసక్తియే లేదు. దొరకినదే ఇల్లు, పరచినదే పడక.

అరువది యేండ్ల పిదప ఈ ప్రవాహము ఎదురు దిక్కునకు మరలెను. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైన తరువాత, 2016లో వెలగపూడిలో కట్టిన తాత్కాలిక సచివాలయమునకు ఆంధ్ర ప్రభుత్వోద్యోగులు తరలవలసి వచ్చినప్పుడు, కచేరీ కదలెను గాని సంసారములన్నియు కదలలేదు. పిల్లల చదువులును, భార్యయో భర్తయో చేయుచున్న ఉద్యోగమును, వాయిదాలు తీరని స్వంత ఇల్లును హైదరాబాదుననే యుండగా, విజయవాడలోనో మంగళగిరిలోనో గుంటూరులోనో నలుగురు సహోద్యోగులు కలిసి ఒక ఫ్లాటు అద్దెకు దీసికొని, వారమునకు ఐదు దినముల పని ముగియగానే శుక్రవారము సాయంకాలము రైలెక్కి భార్యాబిడ్డలను జేరుకొనుచు, కొంతకాలము గడపిరి. వారి రాకపోకలకు అనుకూలముగా విజయవాడ సికింద్రాబాదుల నడుమ ఒక క్రొత్త రైలును నడుపుటయు జరిగెను. ఈ వారాంతపు ప్రయాణములను అప్పట్లో కొందరు పరిహసించిరి. నాకు మాత్రము అందు వివేకమే గోచరించినది. ఉద్యోగము ఒక్క కాగితముతో కదలును. సంసారమునకు నేలను తడవి చూచుకొను వ్యవధి కావలెను. ముందుగా ఒకరు పోయి, ఆ యూరి ఎండవానలను, దారులను, ధరలను కొన్నాళ్ళు అనుభవించి, ఆ పిమ్మట మిగిలినవారిని రప్పించుకొనుట మన పెద్దలు మద్రాసుకును రంగూనుకును పోయిన కాలము నుండియు ఉన్న పద్ధతియే.

కనుక నా సలహా యేమనగా, నెల దినములకు ఒక హాస్టలులోనో, బంధువుల యింటనో మకాము పెట్టి, ఇంటి వేట అక్కడ నుండి సాగింపవలెను. 'బడులు జూన్ రెండవ వారములో తెరచుచున్నవి, నెల రోజులు ఆగడం మాకెలా కుదురుతుందండీ?' అని తల్లులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అట్టివారు నెలకు బదులు వారమైనను ముందుగా ఒకరిని పంపవలెనే గాని, లారీని సామానుతో సహా చూడని యింటి గుమ్మము ముందు నిలుపరాదు.

ఇక ఫోనులోని చిత్రముల సంగతి. గదియొక్క నాలుగు మూలలును ఒక్క చూపునకు అందునట్లు తీయగల కటకము, పది అడుగుల గదిని పదునాలుగు అడుగుల దానిగా భ్రమింపజేయును. కిటికీ తెరచియున్నట్లు చిత్రమున నుండును గాని, ఆ కిటికీకి మూడడుగుల దూరమున పొరుగు భవనపు గోడ నిలిచియున్నదని చిత్రము చెప్పదు. పై అంతస్తు స్నానాల గది నుండి దిగు చెమ్మ, సున్నము కొట్టి రంగు వేసిన పది దినముల వరకు బయటపడదు. నిగనిగలాడు వంకాయలోని పుచ్చు చేత బట్టి త్రిప్పి చూచిన వానికే తెలియును గదా. మరియు, పన్నెండు వందల చదరపు అడుగులని ప్రకటనలో నుండు సంఖ్యలో మెట్లు, లిఫ్టు, నడవలలోని వాటా యంతయు చేరియుండును. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము అమ్మకపు ఇండ్లకు గోడల లోపలి నేలనే కొలిచి కార్పెట్ ఏరియాగా చెప్పవలెనని నిర్దేశించినను, అద్దె బేరములలో ఆ కొలత ఎవరి నోటను వినబడదు. మంచము, బీరువా, ఫ్రిజ్జు పట్టునో పట్టవో తెలియవలెనన్న గజముబద్ద పట్టుకొని పోవుట తప్ప వేరు మార్గము లేదు.

చిత్రముల వెనుక మోసగాండ్రు గూడ కలరు. ఎవరి యింటి చిత్రములనో ఎత్తి, అద్దె కాస్త తగ్గించి ప్రకటించి, 'మేము సైన్యంలో పనిచేస్తున్నాం, బదిలీ మీద వెళ్ళిపోతున్నాం, అడ్వాన్సు పంపితే తాళంచెవులు కొరియర్లో పంపుతాం' అని నమ్మబలుకుదురు. ఇల్లు చూపుటకే గేటు పాసు రుసుమని కొంత అడుగువారును, 'మీరు కట్టిన సొమ్ము తిరిగి పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి' అనువారును కలరు. సొమ్ము పుచ్చుకొనువాడు కోడ్ స్కాన్ చేయనక్కరలేదు, పిన్ నొక్కనక్కరలేదు. అట్లు చేసిన యెడల సొమ్ము పోవుటే గాని వచ్చుట యుండదు. చూడని యింటికి ఒక్క రూపాయియైనను ముందు పంపరాదు. దైవవశమున ఎవరైనను అట్లు పంపి మోసపోయిన యెడల, ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫోను చేసి చెప్పవలెను. గంటలు గడచినకొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారుచు అందకుండ పోవును.

పేటను ఎంచుకొనుట యెట్లు? హైదరాబాదులో క్రొత్తగా వచ్చు ఉద్యోగములలో పెక్కు పడమటి దిక్కున మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములలో నుండుటచేత, వచ్చినవారందరును కొండాపూరు, మణికొండ, కూకట్‌పల్లి, మియాపూరు, నిజాంపేటల మీదనే పడుదురు. కచేరీకి ఐదు కిలోమీటర్ల దూరముననే ఇల్లు దొరకినదని సంతోషించువాడు, ఆ యైదు కిలోమీటర్లకు ఉదయము తొమ్మిది గంటల వేళ ఎంత కాలము పట్టునో ఒక్క దినము స్వయముగా పోయి చూచిన పిదపనే సంతోషింపవలెను. పటము మీది దూరమునకును బండి మీది కాలమునకును ఈ నగరమున చుట్టరికము తక్కువ. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు ఇప్పుడు మియాపూరు నుండి ఎల్బీనగరు వరకును, నాగోలు నుండి రాయదుర్గము వరకును, జూబ్లీ బస్‌స్టేషన్ నుండి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకును మూడు దారుల నడచుచున్నది. మొదటి రెండు దారులు అమీర్‌పేట వద్ద కలియును. కావున రాయదుర్గమున పనిచేయువాడు రాయదుర్గము చుట్టునే కాపురముండవలెనన్న నియమము లేదు. తార్నాకలోనో హబ్సిగూడలోనో స్టేషనుకు నడిచిపోగల దూరమున ఇల్లు దొరకినయెడల, ఎక్కిన పెట్టె దిగకుండ పనిచోటికి చేరవచ్చును. లింగంపల్లి వైపు నుండి పాత నగరము వైపు పోవువారికి 2003 నుండి నడచుచున్న ఎంఎంటీఎస్ రైళ్ళు గూడ కలవు. కాని రెండు రైళ్ళ నడుమ వ్యవధి ఎంతయో విచారించిన పిదపనే వానిని నమ్ముకొనవలెను.

పేటను ఒక్కరి ఉద్యోగమును బట్టి నిర్ణయించుట పూర్వపు అలవాటు. ఇప్పుడు దంపతులిద్దరును ఉద్యోగములు చేయు ఇండ్లలో, ఒకరి కచేరీ తూర్పునను వేరొకరిది పడమటను ఉండుట పరిపాటి. అప్పుడు ఎవరి ప్రయాణము పొడవుగా నుండవలెనన్న ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు మన ఇండ్లలో సమాధానము తరచుగా అడుగకయే తేలిపోవుచున్నది. వంటపని ముగించి ఆలస్యముగా బయలుదేరి, సాయంకాలము పిల్లల కొరకు ముందుగా తిరిగి రావలసిన ఇల్లాలికే దగ్గరి దారి ఉండవలెనని నేను చెప్పిన యెడల, నా తోటి మగవారిలో కొందరికి రుచింపకపోవచ్చును. అయినను చెప్పుచున్నాను.

నల్లకుంట, విద్యానగరు, బర్కత్‌పుర, చిక్కడపల్లి వంటి పాత పేటలను క్రొత్తగా వచ్చువారు చూడనైన చూడరు. అక్కడ లిఫ్టు ఉండకపోవచ్చును, కారు నిలుపుటకు చోటు కరవు, ఇంటి యజమాని క్రింది వాటాలోనే యుండి మన రాకపోకలను గమనించుచుండును. కాని కూరగాయల బండి, మందుల దుకాణము, గ్రంథాలయము, వైద్యుడు, సంగీతము చెప్పువారు అందరును పిలుపు దూరమున నుందురు. ముసలి తల్లిదండ్రులను వెంట దెచ్చుకొనువారు, పగలంతయు ఇంటి పట్టున నుండువారు ఆ ముసలివారేనన్న సంగతి మరువక, పడమటి దిక్కు గోపుర భవనములలోని ఈతకొలనుకంటె ఈ పిలుపు దూరమునకు ఎక్కువ విలువ కట్టవలెను.

ఇక నీటి మాట. దీనికి కొంత నిదానముగా చెవి యొగ్గవలెనని ప్రార్థించుచున్నాను. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరమును ముంచివేసిన పిదప, వరదను నిలువరించుటకును త్రాగునీటికిని రెండు జలాశయములు నిర్మింపబడి, 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియయ్యెను. నగరము పెరిగినకొద్దీ అవి చాలక, మంజీరా నీరు, సింగూరు నీరు, పిదప నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి కృష్ణ, ఆ మీదట గోదావరి వచ్చి చేరెను. నల్లాలో వచ్చునది ఏ నది నీరైనను పాత నగరవాసులు నేటికిని మంజీరా నీళ్ళనియే పిలుతురు. ఇన్ని నదులను పైపులలో బట్టి తెచ్చినను, శివారు పేటలలో వేసవి వచ్చుటతోడనే బోర్లు ఎండి, తెల్లవారుజామున ట్యాంకర్ల హారను మ్రోగక తప్పుట లేదు. కనుక ఇంటిని చూడబోయినవాడు పాలరాతి నేలను చూచి మురియుటకు మునుపు అడుగవలసిన ప్రశ్నలు ఇవి. మంజీరా నల్లా ఉన్నదా? ఎన్ని దినములకొకసారి, ఎంతసేపు వచ్చును? సంపు ఎంత పెద్దది? బోరు ఏప్రిల్ మాసములో పోయునా? ట్యాంకరుల సొమ్ము మెయింటెనెన్సులో కలిసియున్నదా, వేసవిలో వేరుగా పంచుదురా?

ఈ ప్రశ్నలకు యజమాని చెప్పు జవాబులకంటె వాచ్‌మన్ చెప్పునవి నయము. అయినను వానిని అడుగుటలో నేర్పు కావలెను. 'నీళ్ళెట్లా వస్తాయి నాయనా?' అనగానే, 'నీళ్ళకు ఏం ఫికర్ లేదు సార్, ఇరవై నాలుగ్గంటలు వస్తయి' అనును. అక్కడ ఆగిపోవువాడు మోసపోవును. 'మరి ఎండాకాలంలో?' అని రెండవ ప్రశ్న వేసినప్పుడు గాని, 'ఎండాకాలంల ట్యాంకర్ తెప్పిస్తరు సార్, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఇడుస్తం' అను నిజము వెలువడదు. వాడు అబద్ధమాడలేదు, మొదటి ప్రశ్న ఏ ఋతువును గూర్చియో మనము చెప్పలేదు, అంతే. మాట మీద నమ్మకము లేనివారు స్నానాల గదిలోనికి పోయి కుళాయి మూతిని, షవరు రంధ్రములను పరీక్షింపవలెను. అక్కడ తెల్లని ఉప్పు పెచ్చు కట్టియున్న యెడల ఆ యింటికి వచ్చునది లోతైన బోరు నీరనియు, గీజరు త్వరలో పాడగుననియు, పప్పు ఉడకదనియు గ్రహించుకొనవచ్చును. బాల్కనీలో పెద్ద నీలిరంగు డ్రమ్ములు కనబడినచో ఇక అడుగవలసినదే లేదు.

వాచ్‌మన్ కంటెను ఎరుక గలవారు వాని భార్య. ఆమె ఆ భవనములో నాలుగైదు ఇండ్లలో అంట్లు తోమి, బట్టలుతికి, ఏ యింట గోడ చెమ్మగిల్లునో, ఏ లిఫ్టు ఎన్ని దినములు ఆగిపోవునో, పై వాటావారు ఏ రాత్రి వేళ కుర్చీలు ఈడ్చుదురో సర్వమును ఎరిగియుండును. ఆమెను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: 'ఇంతకుముందున్న వాళ్ళు ఎందుకు ఖాళీ చేశారమ్మా?' స్వంత యిల్లు కొనుక్కొని పోయిరనుట శుభము. 'ఏమోనమ్మా, మాకేం ఎరుక' అని ఆమె చూపు ప్రక్కకు త్రిప్పుకొన్న యెడల, మనము గూడ మరియొక వీధికి త్రిప్పుకొనుట మేలు.

నీరు లేక బాధపడుట ఒకటి, నీరు ఎక్కువై బాధపడుట మరియొకటి. 2020 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన కుండపోతకు, పూర్వము చెరువుల గర్భములుగను వాగుల దారులుగను నుండిన నేలపై వెలసిన కాలనీలు రోజుల తరబడి నీట నానెను. సెల్లారులలో నిలిపిన కార్లు తేలియాడెను. అట్టి పేటలలో ఇండ్లు ఇప్పుడు తళతళలాడుచునే యున్నవి. వీధి మొదట నున్న కిరాణా కొట్టువానిని 'ఆ వానలప్పుడు ఇక్కడికి ఎంత నీళ్ళొచ్చాయండీ?' అని అడిగిన యెడల, అతడు గోడ మీది గుర్తును వ్రేలితో చూపును.

ఇంతవరకు మనము ఇంటిని పరీక్షించు విధము చెప్పితిని. ఇల్లు మనలను పరీక్షించు విధము వేరుగా కలదు. 'ఎంతమంది ఉంటారు? పెద్దవాళ్ళున్నారా? చుట్టాలు తరచూ వస్తారా?' అనువరకు ఆ ప్రశ్నలు సహజములే. నీరు మోయువాడు, మెట్లు కడిగించువాడు లెక్క తెలిసికొనవలెను గదా. 'వెజ్జా, నాన్‌వెజ్జా?' అనుటతో దారి మలుపు తిరుగును. 'మీరెవరండీ?' అను ప్రశ్న పేరు చెప్పినంత మాత్రమున తృప్తి చెందదు. పెండ్లి గాని యువకులకు ఇల్లు లేదు. ఒంటరిగా నుండు స్త్రీకి సందేహముల మీద సందేహములు. మహమ్మదీయుడని పేరును బట్టి తెలియగానే, నిమిషము క్రితము ఖాళీగా నుండిన ఇల్లు 'నిన్ననే ఎవరో అడ్వాన్సిచ్చారండీ' అను మాటతో నిండిపోవును. దళితుడైన అధికారి పదవి ఎంత పెద్దదైనను, ఈ గుమ్మము వద్ద అది అతనికి తోడు రాదు. రాజ్యాంగములోని 15వ అధికరణము దుకాణములు, హోటళ్ళు, బావులు, చెరువుల యందు కులమతముల పేర నిషేధములు పెట్టరాదన్నది గాని, అద్దెయింటి గుమ్మము ఆ పట్టికలో లేదు. తన యింట ఎవరిని నుంచుకొనవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము యజమానికి కలదని వాదించు సజ్జనులు, తమ కుమారుడు పరదేశమున ఇల్లు వెదకుచుండగా రంగును జూచి తలుపు మూసిన వార్త విన్నప్పుడు ఎంత ఖేదపడుదురో నేనెరుగుదును. ఈ విషయమున ఇల్లు వెదకువానికి నేనీయగల ఉపాయమేదియు లేదు. ఇది ఉపాయముతో తీరు వ్యాధి గాదు. ఇల్లిచ్చువారు శ్రోతలలో ఉందురు గావున వారికొరకే చెప్పితిని.

ధనము సంగతి త్వరగా ముగింతును. హైదరాబాదులో సామాన్యముగా రెండు నెలల అద్దెను అడ్వాన్సుగా పుచ్చుకొందురు. బెంగుళూరు పోవువారు అక్కడి పది నెలల ఆచారమును విని గుండెలు బాదుకొందురు. 2021లో కేంద్రము రూపొందించిన నమూనా అద్దె చట్టము కాపురపు ఇంటికి రెండు నెలల అద్దెను మించి పుచ్చుకొనరాదన్నది గాని, అది నమూనా మాత్రమే, రాష్ట్రములు చట్టము చేసికొన్నప్పుడే దానికి బలము. హైదరాబాదునకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము కలదు. కాని 2005 సవరణతో కార్పొరేషను పట్టణములలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె గల ఇండ్లు దాని పరిధి నుండి తొలగినవి. ఆ ధరకు నేడు హైదరాబాదులో కారు నిలుపు చోటైనను దొరకుట కష్టము. కాబట్టి మనకు దిక్కు మన ఒప్పంద పత్రమే. అది పదునొకండు నెలలకే యేల వ్రాయుదురని కొందరికి సందేహము. ఏడాదికి మించిన కౌలును రిజిస్ట్రీ చేయింపవలెనని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చు తప్పించుకొనుటకే ఈ ఒక్క నెల కోత. పత్రమున ఏమియు వ్రాయని పక్షమున, నెలసరి అద్దెకున్న వానిని పదునైదు దినముల నోటీసుతో ఖాళీ చేయింప వీలున్నది గావున, నోటీసు వ్యవధి ఇరువైపులకును ఎంతయో స్పష్టముగా వ్రాయించుకొనవలెను. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటిన యెడల, ఆదాయపు పన్నులో ఇంటి అద్దె మినహాయింపు కోరువాడు యజమాని పాన్ నంబరు చూపవలెను. అది ఇచ్చుటకు తటపటాయించు యజమానులు కలరు గావున అడ్వాన్సు చేతిలో పెట్టక మునుపే అడుగుట నయము. వాటాలుగా పంచిన స్వంత ఇండ్లలో కరెంటు మీటరు వేరుగా కలదో లేదో చూచుకొనవలెను. రెండు సంసారముల వాడకము ఒకే మీటరు మీద పడినప్పుడు స్లాబు పెరిగి, యూనిట్ ధర పెరిగి, మనము వెలిగింపని దీపమునకు గూడ మనమే చెల్లించుట జరుగును.

మధ్యవర్తులను గూర్చి ఒక్క మాట. బ్రోకరునకు సగము నెల అద్దె మొదలు ఒక నెల అద్దె వరకు ఇచ్చుట వాడుక. ఇది వ్యర్థమని కొందరనుదురు గాని, క్రొత్తవానిని స్కూటరు వెనుక కూర్చుండబెట్టుకొని ఒక పూటలో ఆరు వీధులు త్రిప్పి, ఏ వీధికి ఆ పేరెట్లు వచ్చినదో గూడ చెప్పు నేర్పరికి ఆ సొమ్ము న్యాయమైనదే. ఇంటి యజమానికి ఫోను చేయకుండ 'ఇప్పుడే వేరే పార్టీ వస్తోంది సార్, టోకెన్ ఇచ్చేయండి' అని తొందరపెట్టువానికి మాత్రము అది దండుగ.

అద్దెల వెలలకు మన పంచాంగముతో సంబంధము కలదన్న సంగతి పరదేశస్థులకు తెలియదు గాని తెలుగువారు గ్రహింపవలెను. ఆషాఢ మాసమున పాలు పొంగింపరాదని మనవారిలో పెక్కుమంది అద్దెయింటికి గూడ మారరు. అట్టి నెలలలో టులెట్ బోర్డులు గేట్లకు వ్రేలాడుచు, యజమానులు మామూలుకంటె మెత్తగా మాటలాడుదురు. నమ్మకము లేనివారు ఆ నెలలో చేరవచ్చును. ఉన్నవారు ఆ నెలలో బేరము కుదుర్చుకొని, రెండు మూడు దినముల అద్దె తగ్గించుకొని, శ్రావణ శుద్ధ విదియనాడు పాలు పొంగించుకొనవచ్చును. దక్షిణపు వాకిలి ఇండ్లకు అడుగువారు తక్కువ గావున అక్కడ గూడ బేరమునకు చోటు కలదు. తూర్పు వాకిలికై రెండు వేలు అదనముగా ఇచ్చి, ఉదయపు ఎండ లోనికి రాకుండ రోజంతయు తెరలు దించియుంచువారిని నేను చూచితిని.

చివరకు ఇల్లు కుదిరి, సామాను దించు దినము వచ్చినప్పుడు, హడావుడిలో ఎవరికిని తోచని పని యొకటి కలదు. మంచములు లోనికి రాకమునుపే ఖాళీ గదులను, గోడల మీది మేకుల రంధ్రములను, పగిలిన టైల్సును, కరెంటు మీటరు అంకెలను ఫోనుతో చిత్రములు తీసి, ఆ సాయంకాలమే యజమానికి పంపవలెను. వదలిపోవు దినమున రంగుల క్రింద ఒక నెల అద్దె అడ్వాన్సులో విరుచుకొందురు. ఆరు నెలలున్నను ఆరేండ్లున్నను అదే లెక్క. ఎంత కాలము ఉన్న పిదప ఎంత విరువవలెనో చేరునాడే పత్రమున వ్రాయించుకొన్నవారికి ఆ తగవు ఉండదు. యజమాని మంచివాడైన యెడల 'అదంతా ఎందుకండీ, మనలో మనకి' అనును. అప్పుడు నవ్వుచునే పత్రమును ముందునకు జరిపి, 'గుర్తుకోసమేనండీ' అనవలెను.